ముప్పావుగంటకు గట్టిపడి, మూడు గంటలకు కరిగే కూర: ఉల్లి గ్రేవీలో పెద్దకూర

పొయ్యి మీద పెట్టి ముప్పావుగంట అవుతుంది. ఒక ముక్క తీసి నొక్కి చూస్తే, గిన్నెలో వేసినప్పటికంటే గట్టిగా ఉంటుంది. పెద్దకూర వండటం కొత్తగా మొదలుపెట్టిన వాళ్లు చాలామంది టెన్షన్ పడేది ఇక్కడే. దుకాణం అతను ముదురు మాంసం అంటగట్టాడని అనుకుంటారు. లేదా ఇంకో చెంబు నీళ్లు పోసి మంట పెంచేస్తారు. కానీ అప్పటికి కూర ఏమీ చెడిపోలేదు. ఎలా ఉండాలో అలాగే ఉంది. ఈ మాంసం మెత్తబడే ముందు తప్పకుండా ఒకసారి గట్టిపడుతుంది. ఆ దశ ఎందుకు వస్తుందో, ఎలా దాటుతుందో తెలిస్తే మిగతా వంటంతా దాని చుట్టూ అమరిపోతుంది.

వేడి తగిలినప్పుడు మాంసంలోని రెండు భాగాలు రెండు రకాలుగా మారతాయి. ఒకటి కండ పోగులు. ఇవి 50 డిగ్రీల సెల్సియస్ దగ్గరే బిగుసుకోవడం మొదలుపెట్టి, 70 దాటేసరికి తమలోని నీటిని చాలావరకు బయటకు పిండేస్తాయి. రెండోది ఆ పోగులను కట్టలుగా చుట్టి పట్టుకునే తెల్లటి పొర. అందులో ముఖ్యమైన ప్రోటీన్ కొలాజెన్. 60, 65 డిగ్రీల మధ్య అది ముడుచుకుపోయి, తడిబట్టను మెలిపెట్టినట్టు పోగులను ఇంకా నొక్కుతుంది. ముక్క చిన్నదై, గట్టిపడి, గిన్నెలో నీరు ఊరేది అందుకే. ఆ తర్వాత 70 డిగ్రీల పైన వేడి నిలకడగా ఉంటే అదే కొలాజెన్ కొద్దికొద్దిగా కరిగి జెలటిన్‌గా మారుతుంది. పోగులను పట్టి ఉంచిన కట్లు వదులవుతాయి. పోగుల్లో నీరు తగ్గిపోయినా, వాటి మధ్య జిగటగా, నున్నగా జెలటిన్ చేరుతుంది కాబట్టి ముక్క నోటికి మెత్తగా, రసంగా తగులుతుంది. ఈ కరగడం గంటల పని. మంట పెంచినంత మాత్రాన తొందరపడదు, ఎందుకంటే మూత పెట్టిన మామూలు గిన్నెలో నీరు 100 డిగ్రీలు దాటదు. పెద్ద మంట వల్ల జరిగేదల్లా నీరు ఎగిరిపోవడం, ముక్క అంచులు చిట్లడం.

తెలుగు రాష్ట్రాల్లో ఈ సమయం ఇంకాస్త ఎక్కువ పట్టడానికి బలమైన కారణమే ఉంది. ఇక్కడ పెద్దకూర అంటే ఎక్కువగా గేదె, దున్న మాంసం. 1977లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ప్రకారం ఆవును కోయకూడదు. మిగతా పెద్ద పశువులకు అధికారి ఇచ్చే ధ్రువపత్రం ఉండాలి. ఆ పశువు పాడికో, సేద్యానికో, సంతతికో ఇంకా పనికొచ్చేదైతే ఆ పత్రం ఇవ్వకూడదు. అంటే దుకాణానికి చేరేది సాధారణంగా పాలు వట్టిపోయిన గేదె, పనికి తగ్గిన దున్న. వయసు పెరిగేకొద్దీ పశువు ఒంట్లోని కొలాజెన్ పోగుల మధ్య అడ్డ ముడులు పెరుగుతాయి. అవి వేడికి అంత తేలిగ్గా లొంగవు. అమెరికా, యూరప్ వంటల్లో బీఫ్‌కు రెండు గంటలని చెబితే, అది రెండేళ్ల వయసుకు అటూ ఇటూగా కోసిన పశువు మాంసానికి చెప్పిన లెక్క. ఆ లెక్క పట్టుకుని హైదరాబాద్‌లో వండితే ముక్క సగమే ఉడుకుతుంది. అమెరికాలో స్థిరపడిన వాళ్లు ఊరి లెక్కతో అక్కడి మాంసాన్ని కుక్కర్‌లో పెడితే పీచుపీచుగా విడిపోతుంది. రెండు చోట్లా తప్పు చేతిది కాదు, లెక్కది.

గేదె మాంసానికి ఇంకో గుణం ఉంది. రంగు ముదురుగా ఉంటుంది, కండలో కలిసిపోయిన కొవ్వు తక్కువ. పైన కనిపించే కొవ్వు మాత్రం తెల్లగా ఉంటుంది. ఆవు కొవ్వులా పసుపు రంగు తిరగదు. గేదె పాలు తెల్లగా ఉండటానికి ఏది కారణమో దీనికీ అదే: మేతలోని కెరోటిన్‌ను గేదె శరీరం విటమిన్ ఎ గా మార్చేసుకుంటుంది. కొవ్వు తక్కువ కాబట్టి ఈ మాంసాన్ని మెత్తగా అనిపించేలా చేసే బాధ్యతంతా జెలటిన్ మీదే పడుతుంది. అందుకే ఏ భాగం కొంటామన్నది మసాలా కంటే ముఖ్యం.

ఎక్కువ పనిచేసిన కండలో కొలాజెన్ ఎక్కువ. పిక్క, మెడ, రొమ్ము, ముందుకాలు భుజం ఈ కూరకు సరైనవి. హైదరాబాద్ దుకాణాల్లో వీటిని ఉర్దూ పేర్లతో అడుగుతారు: పిక్క మాంసం బోంగ్, రొమ్ము సీనా, మెడ గర్దన్, ముందుకాలు దస్త్. రాత్రంతా సన్నమంట మీద ఉడికే నిహారీ కూరకు బోంగ్ వాడేదీ ఇందుకే. గిన్నె అడుగున జిగురు దిగేది దానిలోంచే. అండర్‌కట్ అనే మెత్తటి ముక్క ఖరీదెక్కువ, మృదువుగా ఉంటుంది, కానీ దాన్ని మూడు గంటలు ఉడికిస్తే రంపపు పొట్టులా అవుతుంది. కరగడానికి అందులో ఏమీ లేదు. ఎముకలేని తొడ మాంసమే కావాలని పట్టుబట్టేవాళ్లకూ చాలాసార్లు ఇదే అనుభవం. కిలోలో 700 గ్రాములు బోంగ్, మిగతాది సీనా, అదనంగా రెండు మూలుగ బొక్కలు తీసుకుంటే సరిపోతుంది. ముక్కలు రెండు అంగుళాలకు తగ్గకూడదు. ఉడికాక బరువులో మూడో వంతు దాకా తగ్గిపోతాయి కాబట్టి, చిన్నగా కొట్టించిన ముక్క చివరికి గ్రేవీలో వెతుక్కోవాల్సి వస్తుంది.

ఈ వంట తెలిసిన చేతులు ఎక్కువగా మాల, మాదిగ ఇళ్లలో, ముస్లిం ఇళ్లలో, క్రైస్తవ కుటుంబాల్లో ఉన్నాయి. ముదురు కండను, కాళ్లను, బోటీని, ఎండబెట్టిన తునకలను ఏది ఎంతసేపు ఉడకాలో కొలతల్లేకుండా చెప్పగలిగిన జ్ఞానం అది. అచ్చయిన తెలుగు వంటల పుస్తకాల్లో దానికి దక్కిన చోటు చాలా తక్కువ. నష్టపోయింది ఆ పుస్తకాలే. ఇక్కడ సైన్స్ పేరుతో చెప్పుకుంటున్న చాలా సంగతులు ఆ ఇళ్లలో ఎప్పటినుంచో ఆచరణలో ఉన్నవే. ‘నీళ్లు పోయకు, దాని నీళ్లతోనే ఉడకనీ’ అనే మాటే తీసుకుంటే, దాని వెనక పక్కా లెక్క ఉంది.

ఉల్లిపాయలో దాదాపు 89 శాతం నీరు. ముప్పావు కిలో ఉల్లి వేస్తే అందులో 660 గ్రాములకు పైగా నీరే. కిలో మాంసం ఉడికేటప్పుడు పావు నుంచి మూడో వంతు బరువు కోల్పోతుంది. అది ఇంకో 250, 300 మిల్లీలీటర్లు. చుక్క పోయకపోయినా గిన్నెలోకి లీటరుకు దగ్గరగా ద్రవం చేరుతుందన్నమాట. ఇవి చాలవన్నట్టు మొదట్లోనే రెండు గ్లాసులు పోస్తే ఉల్లి గ్రేవీ రాదు, ఉల్లి ముక్కలు తేలే చారు వస్తుంది. దాన్ని చిక్కబరచడానికి మళ్లీ కొబ్బరి పొడి, గసగసాలు, జీడిపప్పు వెతుక్కోవాలి. తెలంగాణ వంటలో ఎండుకొబ్బరికి గొప్ప స్థానం ఉంది, కాదనలేం. కానీ ఈ ఒక్క కూరలో చిక్కదనం ఉల్లి, జెలటిన్ కలిసి ఇవ్వాలి. ఇంకేది వేసినా ఉల్లి రుచి వెనక్కి పోతుంది.

అయితే ఉల్లి ఎంత? మామూలు ఇళ్లలో కిలోకు రెండు మూడు పాయలు వేస్తారు. మొఘల్ వంటల్లో ‘రెండు ఉల్లిపాయల కూర’ అనే అర్థమున్న దోప్యాజాకు, అక్బర్ పాలన గురించి రాసిన అయినీ అక్బరీ గ్రంథంలో ఇచ్చిన కొలత పది శేర్ల మాంసానికి రెండు శేర్ల ఉల్లి, అంటే అయిదో వంతు. ఆ పాళ్లలో ఉల్లి రుచినిస్తుంది, గ్రేవీ కాలేదు. ఇటలీలోని నేపుల్స్‌లో దీనికి పూర్తిగా అవతలి కొస కనిపిస్తుంది. అక్కడ జెనొవేసే అనే కూరలో ఉల్లి బరువు మాంసంతో సమానంగా, చాలా ఇళ్లలో దానికి రెట్టింపుగా ఉంటుంది. టమాటా ఉండదు. మొంతోరో ప్రాంతపు రాగిరంగు ఉల్లిని పెద్దమొత్తంలో వేసి, కరిగి వెన్నలా అయ్యేదాకా గంటల తరబడి సన్నటి మంట మీద వదిలేస్తారు. ముందు ఆ ఉల్లి ముద్దను చేత్తో విరిచిన పొడుగాటి గొట్టపు పాస్తాకు పట్టించి తింటారు, తర్వాత మాంసం. బెల్జియంలో బీరు పోసి వండే కూరలో ఆవాల ముద్ద రాసిన రొట్టె ముక్కను పైన పరుస్తారు. అది కరిగి గ్రేవీని చిక్కబరుస్తుంది. ఊళ్లు వేరు, మసాలాలు వేరు. ముదురు కండ, బోలెడు ఉల్లి, తొందరలేని మంట అన్న మూడూ మాత్రం అన్నిచోట్లా ఒకటే. తెలుగు కారం, అల్లం వెల్లుల్లి ఘాటును మోయాలంటే కిలోకు 750 గ్రాముల ఉల్లి మంచి పాళ్లు. కిలో వేసినా కూర తియ్యబడి పాడవదు.

ఉల్లిని రెండు సగాలుగా చేయడం ఈ కూరలో అన్నిటికంటే లాభమున్న పని. కారణం దాని రసాయనంలోనే ఉంది. పాయను తరిగిన క్షణంలో చిట్లిన కణాల్లోని ఎంజైమ్ గంధకం ఉన్న పదార్థాల మీద పనిచేస్తుంది. కళ్లు మండించే ఆవిరి అలా పుట్టిందే. అదే గంధకం కుటుంబం నుంచి, తరిగిన ఉల్లి నీటిలో నెమ్మదిగా ఉడికేటప్పుడు, మాంసం చారు వాసన ఉండే మరో పదార్థం ఏర్పడుతుంది. ఉల్లి వేసిన కూర మాంసం రుచిని పెంచినట్టు అనిపించడంలో దాని వాటా పెద్దది. నూనెలో ఎర్రగా వేగిన ఉల్లిది వేరే గుణం: తీపి, రంగు, కాస్త చిరుచేదు. ఒకే గిన్నెలో ఈ రెండూ కావాలంటే సగం ఉల్లిని ముందే ఎర్రగా వేయించి, మిగతా సగాన్ని పచ్చిగానే మాంసంతో పాటు ఉడకనివ్వాలి. దోప్యాజాలో ఉల్లిని రెండుసార్లు వేయడం వెనక ఉన్న తెలివి ఇదే.

ఎర్రగా వేయించడమంటే పది నిమిషాల పని అని చాలా వంటల వీడియోల్లో చెబుతారు. అది నిజం కాదు. 375 గ్రాముల ఉల్లి, నాలుగైదు చెంచాల పల్లీనూనె, చిటికెడు ఉప్పుతో మధ్యస్థం కంటే తక్కువ మంట మీద ముప్పై అయిదు, నలభై నిమిషాలు పడుతుంది. ముందు నీరంతా పోవాలి. నీరున్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, రంగు రాదు. నీరు పోయాక మాత్రం చకచకా మారుతుంది కాబట్టి చివరి పది నిమిషాలు పక్కనుంచి కదలకూడదు. పాయ మెత్తగా ముద్దకడుతూ ఇటుక రంగుకు వచ్చాక ఆపాలి. బిర్యానీ కోసం నూనెలో ముంచి కరకరలాడేలా తీసే ఉల్లి ఈ పనికి రాదు. మూడు గంటలు ఉడికితే దాని చేదు పైకి వస్తుంది. వానాకాలంలో కర్నూలు నుంచి వచ్చే కొత్త పంటలో తేమ ఎక్కువ, దానికి ఇంకో పది నిమిషాలు కలుపుకోవాలి. ఎండాకాలం ఆరబెట్టి నిల్వచేసిన ఉల్లి త్వరగా రంగు తిరుగుతుంది.

మాంసానికి ముందురోజు రాత్రే రెండు చెంచాల ఉప్పు, పసుపు, రెండు పెద్ద చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి ఫ్రిజ్‌లో పెట్టడం మంచిది. ఉప్పు ముందే వేస్తే ముక్క ఉడకదన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. అది సరికాదు. ఉప్పు కండ పోగుల్లోకి దిగి వాటిని నీరు పట్టి ఉంచుకునేలా చేస్తుంది. ఒక రాత్రి ఆగడం వల్ల ఇంకో మేలూ ఉంది. తెల్లవారుజామున కోసి పొద్దున్నే అమ్మే మాంసం చాలాసార్లు ఇంకా బిగుసుకున్న స్థితిలోనే ఉంటుంది. చల్లగా ఒకటి రెండు రోజులుంటే మాంసంలోని ఎంజైమ్‌లే దాన్ని వదులు చేస్తాయి. తాజా మాంసాన్ని తెచ్చిన వెంటనే ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు. బిగుసుకోవడం పూర్తికాకముందే చలి తగిలితే కండ ముడుచుకుని శాశ్వతంగా గట్టిపడుతుంది. పచ్చి బొప్పాయి సంగతికొస్తే, రాతి పలక మీద కాల్చే పత్థర్ కా గోష్త్ లాంటి పలుచటి ముక్కలకు అది చక్కగా పనిచేస్తుంది. రెండంగుళాల ముక్క లోపలికి పోదు. పైపొరను పిండిలా చేసి, నడిమధ్యను అలాగే వదిలేస్తుంది. ఈ కూరలో దాని అవసరం లేదు.

వండే రోజు సగం ముక్కలను వేడి పెనం మీద కొద్దికొద్దిగా వేసి రెండు వైపులా గోధుమరంగు వచ్చేదాకా కాల్చాలి. అలా కాలిస్తే రసం లోపలే ఉండిపోతుందని అంటారు కానీ అలా జరగదు. రసం ఎలాగూ బయటకొస్తుంది. వచ్చే లాభం రుచి ఒక్కటే, ఆ రుచి కోసం సగం ముక్కలు కాల్చితే చాలు. తర్వాత మందపాటి గిన్నెలో వేగిన ఉల్లి మీద అన్ని ముక్కలూ, బొక్కలూ వేసి, రెండు చెంచాల కారం, రెండు చెంచాల ధనియాల పొడి, నాలుగు లవంగాలు, అంగుళం దాల్చినచెక్క, ఒక బిర్యానీ ఆకు కలపాలి. పచ్చి ఉల్లి సగం పైన పరిచి, మూత గట్టిగా పెట్టి వదిలేయాలి. పావుగంటలో నీరు ఊరడం కనిపిస్తుంది. అది ముక్కలను సగం దాకా ముంచితే చాలు. తక్కువైతేనే వేడినీళ్లు, అదీ ఒక కప్పు. మునగని పై ముక్కలను మూత కింద తిరిగే ఆవిరే ఉడికిస్తుంది.

మన గ్యాస్ పొయ్యిల్లో చిన్న మంట కూడా ఈ పనికి ఎక్కువే. గిన్నె కింద ఇనుప పెనం పెడితే వేడి పరుచుకుని నెమ్మదిస్తుంది. బిర్యానీ దమ్ముకు అందరూ చేసేదే ఇక్కడా చేయాలి. గ్రేవీ పైన అక్కడక్కడా ఒక్కో బుడగ లేవాలి, కుతకుతలాడకూడదు. ముప్పావుగంటకు ముక్క గట్టిగా ఉంటుంది. గంటన్నరకు చుట్టూ వదులై నడుమ బిగుతుగా ఉంటుంది. రెండున్నర గంటల తర్వాత గరిటె అంచుతో నొక్కితే ముక్క తనంతట తాను చీలాలి. గేదె వయసును బట్టి మూడు, మూడుంపావు గంటలు కూడా పట్టొచ్చు. మధ్యమధ్యలో మూత తీసి చూడటం వల్ల వేడి, నీరు రెండూ పోతాయి. అరగంటకోసారి అడుగంటకుండా కదిపితే చాలు.

పులుపు ఎప్పుడు వేయాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ గ్రేవీ దాని మీదే ఆధారపడి ఉంది. టమాటా, చింతపండు, పెరుగు మొదట్లోనే వేస్తే ఉల్లి కణాల గోడలు పులుపుకు గట్టిపడి కరగవు. చింతపండు ముందే వేస్తే పప్పు ఉడకదని చెప్పే పెద్దల మాటే ఇక్కడా వర్తిస్తుంది. పచ్చి ఉల్లి ఆనవాలు లేకుండా కరిగాక, అంటే రెండు గంటలు దాటాక, రెండు టమాటాల గుజ్జో ఉసిరికాయంత చింతపండు రసమో కలపాలి. ఇంత ఉల్లి తీపికి ఆ పులుపు తప్పనిసరి. చివరి ఇరవై నిమిషాలు మూత తీసి, నూనె అంచుల్లో తేలేదాకా దగ్గరపడనిచ్చి, గరం మసాలా, కొత్తిమీర వేసి దించాలి.

కుక్కర్ వాడకూడదా అంటే, వాడొచ్చు. ఒత్తిడిలో నీరు సుమారు 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది కాబట్టి కొలాజెన్ చాలా త్వరగా కరుగుతుంది. మొదటి విజిల్ తర్వాత మంట బాగా తగ్గించి 35 నుంచి 40 నిమిషాలు ఉంచితే గేదె మాంసం మెత్తబడుతుంది. విజిల్స్ లెక్కబెట్టడం మీద ఆధారపడకూడదు. మంటను బట్టి, కుక్కర్‌ను బట్టి అవి మారిపోతాయి, గడియారం మారదు. దించాక ఆవిరిని బలవంతంగా వదలకూడదు. ఒత్తిడి ఒక్కసారిగా పడితే ముక్కలోని నీరు మరిగి బయటకు తన్నుకొస్తుంది, ముక్క ఎండుతుంది. దానంతట అది చల్లారేదాకా ఆగి, తర్వాత మూత తీసి అరగంట సన్నమంట మీద దగ్గరపరచాలి. ఆ అరగంట ఎగ్గొడితే మాంసం మెత్తగానే ఉంటుంది, గ్రేవీ మాత్రం మాంసం నుంచి విడిగా, పలుచగా ఉండిపోతుంది. ఉల్లిని ఎర్రగా వేయించే నలభై నిమిషాలను కుక్కర్ ఏమాత్రం తగ్గించదు.

వండిన పూట బగారా అన్నంతోనో జొన్నరొట్టెతోనో తినొచ్చు. కానీ వీలైతే సగం కూర మర్నాటికి ఉంచాలి. చల్లారేటప్పుడు ముక్కలు గ్రేవీని కొంత తిరిగి పీల్చుకుంటాయి, ఉప్పూ కారం నడిమి దాకా దిగుతాయి. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేర్చిన కూర పొద్దున తీసి చూస్తే పైన కొవ్వు తెల్లటి పలకలా పేరుకుని, కింద గ్రేవీ గరిటెకు కదలకుండా గడ్డకట్టి ఉంటుంది. అలా గడ్డకడితే కొలాజెన్ నిజంగా కరిగినట్టు. పలుచగా జారుతుంటే బోంగ్ తక్కువైంది, లేదా నీళ్లు ఎక్కువయ్యాయి, లేదా ఇంకో అరగంట ఉడకాల్సింది. కొవ్వు పలకను సగం తీసేసి, రెండు చెంచాల వేడినీళ్లు చిలకరించి, మూతపెట్టి సన్నమంట మీద పది నిమిషాలు పెడితే గడ్డ మళ్లీ గ్రేవీగా విడిపోయి ముక్కలకు పట్టుకుంటుంది.